కార్చిచ్చు ముందు ఊరు: ఖాళీ చేయమని ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

తుఫాను వస్తోందంటే మన కోస్తా జిల్లాల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. వాయుగుండం ఎటు కదులుతోందో వాతావరణ శాఖ రెండు మూడు రోజుల ముందే చెబుతుంది. ఓడరేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేస్తారు. తీర గ్రామాలకు బస్సులు వస్తాయి, బడులు పునరావాస కేంద్రాలవుతాయి. 1977 దివిసీమ ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్నాక నేర్చుకున్న పద్ధతి ఇది. 2014లో హుద్‌హుద్ వచ్చేనాటికి యంత్రాంగానికి అలవాటైన పని అయింది.

ఎండిన అడవిలో, ఈదురుగాలిలో పుట్టిన మంట ఇంత వ్యవధి ఇవ్వదు. 2018 నవంబర్ 8 ఉదయం ఆరున్నర ప్రాంతంలో ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో, పుల్గా అనే చిన్న పల్లె దగ్గర మంట లేచింది. విద్యుత్ సంస్థ పీజీ అండ్ ఈ వారి హైటెన్షన్ టవర్ మీద దశాబ్దాల తరబడి అరిగిపోయిన ఇనుప కొక్కెం ఒకటి తెగి, తీగ జారి నిప్పులు రాలాయి. ఎనిమిది గంటలయ్యేసరికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పారడైజ్ పట్టణంలో ఇళ్ళు అంటుకున్నాయి. ఊరి జనాభా సుమారు 26 వేలు. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఆ సంస్థ తర్వాత 84 మరణాలకు కోర్టులో నేరం ఒప్పుకుంది.

మంట పుట్టిన క్షణానికీ ఊరు అంటుకున్న క్షణానికీ మధ్య ఉన్న ఆ గంటన్నరలో అగ్నిమాపక దళాలు, పోలీసులు, జిల్లా అధికారులు ఏం చేయగలరు? ఆస్ట్రేలియా, కెనడా, పోర్చుగల్, గ్రీస్, హవాయి, కాలిఫోర్నియాల్లో గత పదిహేనేళ్ళకు పైగా జరిగిన విషాదాలు, వాటి మీద వచ్చిన విచారణ నివేదికలు ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు చెబుతున్నాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తోంది. ఇలాంటి మంటల్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కానీ చనిపోయినవారిలో చాలామంది ప్రాణం నిలబడే అవకాశం ఉండింది. ఖాళీ చేయమన్న కబురు వేళకు అందకపోవడం ఒకటి, కబురు అందినా కదల్లేనివాళ్ళ గురించి ముందే ఆలోచించకపోవడం ఇంకొకటి. ఈ రెండే ఎక్కువ ప్రాణాలు తీశాయి.

ముందు మంట సంగతి. కార్చిచ్చు అంటే ఒక ఎర్రటి గోడ ముందుకు నడిచి వస్తుందని ఊహించుకుంటాం. ఊళ్ళను తగలబెట్టేది చాలాసార్లు ఆ గోడ కాదు, దానికన్నా ముందు గాలిలో ఎగిరివచ్చే నిప్పు రవ్వలు. కాలిన బెరడు ముక్కలు, ఆకులు, పుల్లలు గాలిలో కిలోమీటర్ల దూరం వెళ్ళి ఇళ్ళ చూరుల్లో, పైకప్పు సందుల్లో, వాకిట్లో ఎండుటాకుల మీద పడతాయి. ఒక ఇల్లు అంటుకున్నాక దాని వేడికి పక్క ఇల్లు అంటుకుంటుంది. అక్కడి నుంచి అడవితో పని లేదు, ఇళ్ళే కట్టెలు. వాలు కూడా ముఖ్యమే. కొండ ఎక్కే మంట దిగే మంట కన్నా ఎంతో వేగంగా పోతుంది, ఎందుకంటే పైనున్న గడ్డిని, పొదలను అది ముందే వేడెక్కించి ఎండబెడుతూ వెళ్తుంది.

అమెరికాలో 2001 నుంచి 2020 దాకా రేగిన అరవై వేలకు పైగా మంటల్ని ఉపగ్రహ సమాచారంతో పరిశీలించి 2024లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కరోజులో 1,620 హెక్టార్లు, అంటే సుమారు నాలుగు వేల ఎకరాలు దాటి పెరిగిన వాటిని వేగవంతమైన మంటలుగా లెక్కగట్టారు. మొత్తంలో అవి మూడు శాతం లోపే. కానీ నేలమట్టమైన కట్టడాల్లో 78 శాతం వాటి పాలే. ఈ లెక్క విధానాలు తయారుచేసేవాళ్ళ బల్ల మీద ఎప్పుడూ ఉండాలి. ఎన్ని ఎకరాలు కాలిందన్న దాన్నిబట్టి మంటను పెద్దదనో చిన్నదనో అనడం మనకు అలవాటు. మనుషులకు సంబంధించినంతవరకు ఎంత వేగంగా కదిలిందన్నదే అసలు కొలత.

అంత వేగంతో వచ్చే మంటకు అగ్నిమాపక దళం ఎదురు నిలబడదు. నిలబడకూడదన్నది ప్రాణాలిచ్చి నేర్చుకున్న పాఠం. 1949లో మోంటానాలోని మాన్ గల్చ్ లోయలో, ఎదురుగా వచ్చిన గడ్డి మంట నుంచి కొండ మీదికి పరుగెత్తుతూ 13 మంది చనిపోయారు. 2013 జూన్ 30న అరిజోనాలోని యార్నెల్ కొండ దగ్గర గాలి దిక్కు మారడంతో గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్ దళంలోని 19 మంది ఒకేచోట ఆహుతయ్యారు. వేడిని తట్టుకునే అల్యూమినియం గుడారాలు కప్పుకున్నా దక్కలేదు. అందుకే అడవి మంటల దళాలు నాలుగు మాటల్ని మంత్రంలా నేర్చుకుంటాయి: కాపలా మనిషి, మాట కలిసే మార్గం, తప్పించుకునే దారి, ప్రాణానికి భద్రమైన చోటు. పాల్ గ్లీసన్ అనే అగ్నిమాపక అధికారి 1991లో కూర్చిన సూత్రం ఇది. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి లేకపోయినా పనిలోకి దిగకూడదు.

మామూలు రోజున దళం పని మంట తోక దగ్గర మొదలవుతుంది. రోడ్డో, వాగో, ముందే కాలిపోయిన నేలో ఆసరాగా తీసుకుని రెండు పక్కల నుంచీ నొక్కుకుంటూ తల వైపు వెళ్తారు. బుల్డోజర్లతో, గొడ్డళ్ళతో, పారలతో నేల కనబడేదాకా చెక్కి ఫైర్ లైన్ వేస్తారు. అవసరమైతే గీత లోపలి వైపు తామే ఎదురు మంట పెట్టి, వచ్చే మంటకు తిండి లేకుండా చేస్తారు. పైనుంచి విమానాలు ఎర్రటి మందు, హెలికాప్టర్లు నీళ్ళు పోస్తాయి. గాలి గంటకు వంద కిలోమీటర్లు దాటిన రోజున వీటిలో దాదాపు ఏదీ పనిచేయదు. రవ్వలు ఫైర్ లైన్‌ను దాటి పోతాయి. విమానం ఎగరదు, ఎగిరినా పోసిన నీళ్ళు గాలికి చెదిరిపోతాయి. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది ఇదే. ఆ రాత్రి విమానాలు నేల మీదే ఉండిపోయాయి, పాలిసేడ్స్ కొండల పైభాగంలో కొన్ని హైడ్రంట్లలో నీళ్ళు అయిపోయాయి. ఊరి నీటి వ్యవస్థను ఒకటి రెండు ఇళ్ళు కాలితే ఆర్పడానికి కట్టారు. వందల ఇళ్ళు ఒకేసారి కాలుతుంటే, కాలిన ప్రతి ఇంట్లో తెగిన పైపు నుంచి నీళ్ళు కారిపోతుంటే, ఒత్తిడి నిలవదు.

అలాంటి గంటలో అనుభవమున్న కమాండర్ తీసుకునే నిర్ణయం చూసేవాళ్ళకు విచిత్రంగా కనిపిస్తుంది. గొట్టం వదిలేయమంటాడు. ఇళ్ళు వదిలేయమంటాడు. ఇంజన్లలో ఉన్న మనుషుల్ని తలుపులు కొట్టడానికి, రోడ్డు మీద చెట్లు నరికి తొలగించడానికి, ఇరుక్కున్న కార్లలోంచి జనాన్ని దించడానికి పంపిస్తాడు. పారడైజ్‌లో మొదటి గంటల్లో అగ్నిమాపక సిబ్బంది చేసిన పని చాలావరకు ఇదే. ఇల్లు కాలుతుంటే ఫైర్ ఇంజన్ ఆగకుండా వెళ్ళిపోయిందని బాధపడ్డ యజమానులు ఎందరో ఉన్నారు. వాళ్ళ బాధ న్యాయమైనదే. అయినా ఆ నిర్ణయం సరైనదని నా నమ్మకం.

ఇక కబురు సంగతి. ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడ పోగుపడ్డాయి.

కాలిఫోర్నియాలో 1970 నాటి వరుస మంటల్లో ఒక దళం మాట ఇంకో దళానికి అర్థంకాక, ఒకరి రేడియో ఇంకొకరికి కలవక నానా ఇబ్బంది పడ్డారు. ఆ అనుభవంలోంచి పుట్టిందే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్. ఎన్ని శాఖలు వచ్చినా ఒకే కమాండ్, ఒకే పరిభాష, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో ముందే తేలిన వరస. ఇప్పుడు చాలా దేశాలు దీన్నే అనుసరిస్తున్నాయి. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో విడుదల చేసిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాలూ దీనికి మన రూపమే. ఇంత చక్కటి ఏర్పాటులోనూ ఒక అతుకు ఉండిపోయింది. మంట ఎటు పోతోందో తెలిసేది అగ్నిమాపక దళానికి. ఊరు ఖాళీ చేయమని ఆదేశించే అధికారం కాలిఫోర్నియాలో చాలాచోట్ల పోలీసు అధిపతిది. ఆ ఆదేశాన్ని ఫోన్లకు పంపే మీట మూడో కార్యాలయం చేతిలో. ఈ ముగ్గురి మధ్య మాట తిరిగేసరికి మంట ఊళ్ళోకి వచ్చేస్తుంది.

ఆల్టడీనాను దగ్గరగా చూడండి. లాస్ ఏంజెలెస్ పక్కన కొండ పాదాన ఉన్న ఈ పట్టణాన్ని లేక్ అవెన్యూ అనే రోడ్డు తూర్పు, పడమరలుగా విడదీస్తుంది. 2025 జనవరి 7 సాయంత్రం ఆరుంబావుకు తూర్పున ఈటన్ లోయలో మంట లేచింది. తూర్పు ఆల్టడీనాకు ఆ సాయంత్రమే ఆదేశాలు వెళ్ళాయి. పడమర వాళ్ళకు ఖాళీ చేయమన్న ఆదేశం తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో వచ్చింది. అప్పటికే అక్కడ ఇళ్ళు కాలుతున్నాయి. మంట పుట్టి తొమ్మిది గంటలు! ఈటన్ మంటలో 19 మంది పోతే, వారిలో దాదాపు అందరూ లేక్ అవెన్యూకు పడమర ఉన్నవారే. అక్కడ తరతరాలుగా సొంత ఇళ్ళు కట్టుకుని ఉన్న నల్లజాతి కుటుంబాలు ఎక్కువ, వృద్ధులు ఎక్కువ. గాలి అంతలా వీస్తున్నప్పుడు మంట రోడ్డు దాటదని ఎవరు అనుకున్నారో, ఎందుకు అనుకున్నారో తేల్చి చెప్పాలని అక్కడి జనం ఈనాటికీ అడుగుతున్నారు. పైగా రెండు రోజుల తర్వాత, ఒక చిన్న ప్రాంతానికి వెళ్ళాల్సిన హెచ్చరిక పొరపాటున కోటి జనాభా ఉన్న కౌంటీ అంతటికీ వెళ్ళింది. అవసరమైన వాళ్ళకు రాని కబురు అక్కర్లేని వాళ్ళందరికీ చేరింది. అలాంటి పొరపాటు జరిగాక తర్వాతి హెచ్చరికను జనం ఎంతవరకు నమ్ముతారన్నది విడిగా ఆలోచించాల్సిన సంగతి.

ఆలస్యానికి అధికారులు చెప్పే కారణం ఒకటుంది: జనం భయపడి ఎగబడతారు, రోడ్లు స్తంభిస్తాయి, తొక్కిసలాట అవుతుంది. 2017 అక్టోబర్‌లో టబ్స్ మంట సోనోమా కౌంటీ మీద పడిన రాత్రి అక్కడి అధికారులు ఫోన్లన్నీ మోగే అత్యవసర హెచ్చరికను పంపకూడదని నిర్ణయించింది ఈ భయంతోనే. 22 మంది చనిపోయారు. రెండేళ్ళ తర్వాత, 2019లో, అదే కౌంటీలో కింకేడ్ మంట వచ్చింది. ఈసారి గాలి పెరగకముందే, మంట ఇంకా దూరంగా ఉండగానే, లక్షా ఎనభై వేల మందిని కదిలించారు. ఒక్క ప్రాణం పోలేదు. ఇంతమందిని కదిలించడం అతి అని అప్పుడూ కొందరు విమర్శించారు. ఆ విమర్శను నేను ఒప్పుకోను. ఒకే కౌంటీ, ఒకే రకం గాలి, ఒకే అధికార వ్యవస్థ. మారింది నిర్ణయం ఒక్కటే.

విపత్తుల్లో జనం ప్రవర్తన మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధన కూడా ఇదే చెబుతోంది. హెచ్చరిక విన్న మనిషి పిచ్చిగా పరుగెత్తడు. నిజమేనా అని ఇంకొకర్ని అడుగుతాడు, కిటికీలోంచి చూస్తాడు, పొరుగింటికి వెళ్ళి మాట్లాడతాడు, కొడుక్కి ఫోన్ చేస్తాడు. ఆ వాకబులోనే విలువైన నిమిషాలు పోతాయి. అధికారులు భయపడాల్సింది జనం తొందరకు కాదు, తాత్సారానికి. అందుకే 'అప్రమత్తంగా ఉండండి' వంటి మాటలు పనికిరావు. ఎక్కడ మంట, ఎవరు కదలాలి, ఏ దారిన పోవాలి, ఎప్పటిలోగా పోవాలి, ఈ నాలుగూ చెప్పిన హెచ్చరికకే జనం కదులుతారు. అమెరికాలో ఫోన్ హెచ్చరికకు మొదట 90 అక్షరాలే ఉండేవి; ఇవన్నీ పట్టేందుకే 2019 నుంచి 360కి పెంచారు.

హెచ్చరిక ఏ దారిన పంపాలన్నదీ చిన్న విషయం కాదు. పారడైజ్ ఉన్న బ్యూట్ కౌంటీ, ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళకే ఫోన్ వెళ్ళే పద్ధతి మీద ఆధారపడింది. ఊళ్ళో చాలామంది నమోదు చేసుకోలేదు. చేసుకున్న వాళ్ళలోనూ ఎందరికో అందలేదు. మంటలో మొదట తెగేది కరెంటు, ఆ వెనుకే సెల్ టవర్లు. 2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లోని లహైనాలో 102 మందిని మంట బలిగొన్న రోజున, ఆ ఊరున్న మౌయి దీవిలోని 80 సైరన్లలో ఒక్కటీ మోగలేదు. సునామీకి వాడే సైరన్ మోగిస్తే జనం కొండ వైపు, అంటే మంటలోకి పరుగెత్తుతారని భయపడ్డామని అక్కడి విపత్తు నిర్వహణ అధికారి హెర్మన్ అందాయా చెప్పారు, మర్నాడే రాజీనామా చేశారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఒక శబ్దానికి ఒకే అర్థం నేర్పి వదిలేసిన తప్పు ఆ రోజుది కాదు, అంతకుముందు ఎన్నో ఏళ్ళది. కాలిఫోర్నియాలో ఇప్పుడు పోలీసు కార్లకు హెచ్చుతగ్గుల స్వరంతో మోగే వేరే సైరన్ అమర్చారు. అది వినిపించిందంటే 'బయల్దేరండి' అనే అర్థం. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ రేడియో మంటల రోజుల్లో గంటల తరబడి ఊరి పేర్లు చదువుతుంది. బ్యాటరీ రేడియో ఉంటే చాలు. తలుపు కొట్టి చెప్పడానికి మించింది మాత్రం ఇప్పటికీ లేదు. కొట్టిన ఇంటికి గుర్తుగా రంగు టేపు కడతారు, ఇంకో జట్టు అదే తలుపు దగ్గర సమయం వృథా చేయకుండా. వెళ్ళనని మొండికేసిన వాళ్ళను కాలిఫోర్నియాలో బలవంతంగా లాక్కుపోరు. దగ్గరి బంధువు ఫోన్ నంబరు ఇవ్వమని అడుగుతారు. ఆ ప్రశ్న వినగానే కారెక్కినవాళ్ళున్నారు.

ఇక్కడ మన తెలుగువాళ్ళకు సూటిగా సంబంధించిన మాట ఒకటి. కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరికి వెళ్ళి నెలల తరబడి ఉండే అమ్మానాన్నలు వేలల్లో ఉంటారు. పిల్లలు పగలు ఆఫీసుల్లో ఉంటారు. ఫోన్లో వచ్చే హెచ్చరిక ఇంగ్లీషులోనో స్పానిష్‌లోనో ఉంటుంది. కారు నడపడం రాదు, పొరుగింట్లో ఎవరున్నారో తెలియదు. కొండవాలు కాలనీల్లో ఉండేవాళ్ళు తమ ఇల్లు ఏ తరలింపు జోన్‌లో ఉందో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాలి, ఆపదలో తలుపు కొట్టి తీసుకెళ్ళే పొరుగువాణ్ణి ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఇది చేయడానికి ఒక సాయంత్రం చాలు.

కబురు అందాక దారి. పారడైజ్ నిర్లక్ష్యంగా ఉన్న ఊరు కాదు. 2008లో మంటలకు భయపడి ఖాళీ చేసిన అనుభవంతో ఊరిని 14 జోన్లుగా విడదీసుకున్నారు, జోన్ తర్వాత జోన్ కదలాలని ప్రణాళిక రాసుకున్నారు, ప్రధాన రహదారి స్కైవేను అటూ ఇటూ కాక మొత్తం కిందికే వదలడం రిహార్సల్ చేశారు. ఆ ప్రణాళిక ఒక ఊహ మీద నిలబడింది: మంట ఒక వైపు నుంచి వరసగా వస్తుందని. రవ్వలు ఊరంతటా ఒకేసారి రాలడంతో అన్ని జోన్లూ ఒకేసారి కదలాల్సి వచ్చింది. ఊరి నడిబొడ్డున స్కైవేను కొన్నేళ్ళ క్రితమే పాదచారుల సౌకర్యం కోసం నాలుగు వరసల నుంచి రెండుకు కుదించారు. కార్లు అంగుళం కదలని చోట మంట వచ్చి పడింది.

దీనికి ఎదురుగా కెనడాలోని ఫోర్ట్ మెక్‌మరేను పెట్టి చూడాలి. 2016 మే 3న దాదాపు 88 వేల మంది ఖాళీ చేశారు. ఊరికి ఉన్నది ఒకే హైవే. దక్షిణం దారి మంటతో తెగిపోతే వేలమందిని ఉత్తరాన చమురు గనుల కార్మిక శిబిరాలకు పంపారు. కొన్ని రోజుల తర్వాత పోలీసుల కాపలాతో, పైన హెలికాప్టర్ చూస్తుండగా, యాభై కార్ల చొప్పున జట్లుగా కట్టి, కాలిన ఊరి మధ్యగా వెనక్కి దక్షిణానికి తీసుకొచ్చారు. మంటలో ఎవరూ చనిపోలేదు. తరలింపు సమయంలో జరిగిన ఒక రోడ్డు ప్రమాదంలో ఇద్దరు పోయారు. వీధులు వెడల్పుగా ఉండడం, ఊళ్ళో జనం చాలామంది పనిచేసే వయసు వాళ్ళు కావడం, పరిశ్రమల భద్రతా శిక్షణ వాళ్ళకు అలవాటు కావడం, అన్నీ కలిసొచ్చాయి. పారడైజ్‌లో చనిపోయిన వాళ్ళలో అత్యధికులు అరవై ఐదు దాటినవాళ్ళు. ఈ తేడాను అదృష్టం అనేసి వదిలేయలేం.

తరలింపులో అనుభవమున్నవాళ్ళు ఎక్కువగా నమ్మే పనిముట్టు ట్రిగ్గర్ పాయింట్. మ్యాపు మీద ఒక గట్టును, ఒక వాగును, ఒక రోడ్డును ముందే గుర్తించి, మంట దాన్ని దాటిన క్షణాన ఫలానా ఊరు ఖాళీ కావాలని ఎండాకాలం మొదలవకముందే రాసుకుంటారు. ఆ క్షణంలో సమావేశం ఉండదు, పై అధికారి అనుమతి ఉండదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన ఆలోచన ఇదే. అర్ధరాత్రి పొగలో నిలబడి ఒక మనిషి మోయలేని నిర్ణయ భారాన్ని, తీరిగ్గా ఆలోచించగలిగిన రోజున పదిమంది కలిసి మోసి పెడుతున్నారు.

అయినా దారి మూసుకుపోయే రోజు వస్తుంది. ఆ రోజు ఏం చేయాలన్న విషయంలో దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆస్ట్రేలియాలో 1983 ఆష్ వెన్స్‌డే మంటల్లో చివరి నిమిషంలో పారిపోతూ రోడ్ల మీద చనిపోయిన వాళ్ళను చూశాక ఒక విధానం స్థిరపడింది: సిద్ధం కండి, ఉంటే ఇంటిని కాపాడుకోండి, లేకపోతే ముందే వెళ్ళిపోండి. పాతికేళ్ళు అది బాగానే నడిచింది. 2009 ఫిబ్రవరి 7న, మెల్‌బోర్న్‌లో ఉష్ణోగ్రత 46.4 డిగ్రీలు తాకిన రోజున, విక్టోరియా రాష్ట్రంలో 173 మంది చనిపోయారు. అందులో 113 మంది ఇళ్ళలోనే పోయారు. బలమైన కుర్రాళ్ళు, నీళ్ళ ట్యాంకు, పంపు ఉన్న ఇంటికి సరిపోయే సలహాను అందరికీ ఇచ్చారని రాయల్ కమిషన్ విచారణలో తేలింది. మామూలు మంటకు పనికొచ్చిన పద్ధతి ఆ రోజు మంటకు పనికిరాదనీ తేలింది. తర్వాత అత్యంత ప్రమాదకర రోజులకు వేరే శ్రేణి పెట్టారు. ఆ రోజు ఎంత సిద్ధంగా ఉన్న ఇల్లయినా నమ్ముకోవద్దు, పొద్దున్నే వెళ్ళిపొమ్మని చెప్పడం మొదలుపెట్టారు. ఊరూరా ఆటస్థలం, కమ్యూనిటీ హాలు వంటి చోట్లను చిట్టచివరి ఆశ్రయాలుగా గుర్తించి బోర్డులు పెట్టారు.

పోర్చుగల్ వేరే దిక్కు నుంచి ఇదే చోటికి వచ్చింది. 2017 జూన్ 17న పెద్రోగావ్ గ్రాందే మంటల్లో 66 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళు వదిలి పారిపోతూ ఒకే రోడ్డు మీద చిక్కుకున్నవాళ్ళు. కొందరు వదిలి వచ్చిన ఇళ్ళు చెక్కుచెదరకుండా నిలిచాయి. మరుసటి ఏడాది నుంచి పల్లెపల్లెకూ ఒక భద్రతా బాధ్యుణ్ణి, ఒక ఆశ్రయ స్థలాన్ని ఎంచుకునే కార్యక్రమం తెచ్చారు. గ్రీస్‌లో 2018 జూలై 23న మాతి అనే సముద్రతీర విడిదిలో ఖాళీ చేయమన్న ఆదేశమే రాలేదు. సముద్రం కనబడుతున్నా కంచెలు, ప్రహరీలు, కొండ అంచులు అడ్డుపడి అక్కడికి చేరే దారి దొరక్క ఎందరో కాలిపోయారు. మృతులు వందకు పైనే. దాంతో గ్రీస్ ఫోన్లకు సామూహిక హెచ్చరిక పంపే ఏర్పాటు తెచ్చి, ప్రతి మంటకూ ఊళ్ళను ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. 2021లో ఎవియా ద్వీపం నుంచి వేలమందిని ఫెర్రీల్లో దాటించారు. ప్రాణాలు దక్కాయి. కానీ మంట ఆర్పగలిగిన యువకుల్ని కూడా పంపించేసి ఊళ్ళను మంటకు వదిలేశారని అక్కడి పల్లెజనం కోపంగా ఉన్నారు. వాళ్ళ మాటనూ వినాలి. కన్నీళ్ళు కారుస్తూ ఫెర్రీ ఎక్కినవాళ్ళకు ఊరంటే ఇల్లు ఒక్కటే కాదు, ఆలివ్ తోట, పైన్ జిగురు, ముందు తరాల బతుకుదెరువు.

పారడైజ్ మంట మీద అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఏళ్ళ తరబడి చేసిన అధ్యయనం ఈ చర్చను ముందుకు తీసుకెళ్ళింది. దారి మూసుకుపోయిన చోట అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు అప్పటికప్పుడు జనాన్ని దుకాణాల ముందున్న పార్కింగ్ స్థలాల్లోకి, ఆసుపత్రి హెలిప్యాడ్ మీదికి, కాలడానికి ఏమీ లేని ఖాళీ జాగాల్లోకి చేర్చారు. వెయ్యి మందికి పైగా అలా బతికారు. ఏ ప్రణాళికలోనూ లేని చోట్లు అవి. చిన్న ఊళ్ళు ఇలాంటి తాత్కాలిక ఆశ్రయాలను ముందే గుర్తించి, చుట్టూ పొదలు కొట్టి, చేరే దారి చూపించి ఉంచుకోవాలని నిస్ట్ చెబుతోంది. ఇలా చెబితే జనం ఊళ్ళోనే ఉండిపోతారని కొందరు అధికారులకు భయం. కానీ ఆశ్రయం లేదని దాచినంత మాత్రాన ఇరుక్కునేవాళ్ళు ఇరుక్కోక మానరు.

ఆ రోజు పారడైజ్ బడి నుంచి 22 మంది పిల్లలతో, ఇద్దరు టీచర్లతో బయల్దేరిన స్కూలు బస్సు గమ్యం చేరడానికి అయిదు గంటలు పట్టింది. బస్సులోకి పొగ కమ్ముకుంటే డ్రైవర్ తన చొక్కా చించాడు. ఉన్న ఒక్క నీళ్ళ సీసాతో ఆ పీలికలు తడిపి పిల్లల ముక్కులకు పెట్టించారు. టీచర్లు పిల్లల పేర్ల జాబితా రాశారు. అందరూ బతికారు. ఇలాంటి కథ చదివినప్పుడల్లా డ్రైవర్‌ను మెచ్చుకుని ఊరుకుంటాం. బస్సులో మాస్కులు, నీళ్ళు, రేడియో ఎందుకు లేవని కూడా అడగాలి.

మన సంగతి. మన అడవి మంటలు ఎక్కువగా నేలబారున పాకే గడ్డి, ఆకుల మంటలు. కాలిఫోర్నియాలో లాగా ఊళ్ళను మింగేవి కావు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల్లో కనిపించిన నిప్పు చుక్కల్ని బీట్ స్థాయి సిబ్బంది ఫోన్లకే పంపుతోంది. ఫైర్ లైన్లు, ఎండాకాలపు ఫైర్ వాచర్లు, పచ్చి కొమ్మలతో బాది ఆర్పే పాత పద్ధతి, ఇవే మన బలం. 2014 మార్చిలో శేషాచలం కొండలు కాలినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. కానీ మనకు అసలు ప్రమాదం ఎక్కడుందో 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణిలో తెలిసింది. కొండ దిగుతున్న ట్రెక్కింగ్ బృందాన్ని గడ్డి మంట చుట్టుముట్టి ఇరవై మందికి పైగా చనిపోయారు. మన దగ్గర ఇరుక్కునేది కాలనీలు కాదు, అడవిలో నడిచే మనుషులు.

నల్లమల సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి జరుగుతుంది. అడవి నిలువునా ఎండి ఉండే రోజులవి. వేలాది జనం ఇరుకైన రాతి దారిలో, లోయలోకి దిగి ఎక్కుతూ నడుస్తారు. బీడీ ముక్క చాలు. ఉగాదికి శ్రీశైలం కాలినడకన వెళ్ళే కన్నడ భక్తులూ, శివరాత్రి యాత్రికులూ నడిచేదీ అదే అడవిలో. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు; ఆ దారిలో అటవీ శాఖ, పోలీసులు, రెవెన్యూ, ఆరోగ్య శాఖ అందరూ ఉంటారు. సెల్ సిగ్నల్ మాత్రం చాలాచోట్ల ఉండదు. ఏ గట్టు మీద పొగ కనిపిస్తే జాతరను ఆపాలో, ఆపమని కేకవేసే అధికారం అక్కడున్న ఏ మనిషికి ఉందో, లోయలో ఉన్నవాళ్ళను పైకి పంపాలా, నీటి గుండం దగ్గరే నిలపాలా, ముసలివాళ్ళను ఎవరు మోయాలో, ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు జాతర ముందు రోజు కాగితం మీద ఉండాలి. రాయడానికి ఆ అడవిని అడుగడుగునా ఎరిగిన చెంచు పెద్దల్ని పిలిచి కూర్చోబెట్టుకోవాలి. గాలి ఏ లోయలోంచి ఏ వేళకు తిరుగుతుందో వాళ్ళకు తెలుసు.